గింజ చిన్నది, జాగ్రత్త పెద్దది



పల్లీలు మనందరికీ ఇష్టమే. కొందరు వేరుశనగ అంటారు. రాయలసీమలో బుడ్డలు అని కూడా అంటారు. ఏ పేరుతో పిలిచినా గింజ ఒకటే. పల్లీ చట్నీ లేనిదే చాలా ఇళ్ళల్లో ఇడ్లీ దిగదు. సంక్రాంతికి అరిసెలు, సకినాలు చేస్తాం. వాటిలో నువ్వులు వేస్తాం. పాయసంలో జీడిపప్పు వేస్తాం. పోపులో ఆవాలు వేస్తాం.

ఇవన్నీ బలమైన తిండి. చవగ్గా దొరికే మాంసకృత్తులు పల్లీల్లో ఉన్నాయి. నువ్వుల్లో ఇనుము, కాల్షియం ఉన్నాయి. కానీ కొద్దిమంది పిల్లలకు ఈ గింజలు పడవు. తిన్న కాసేపటికే ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. పెదవులు వాస్తాయి. ఒక్కోసారి ఊపిరి అందదు. ప్రాణం మీదికి వస్తుంది.

దీన్నే అలర్జీ అంటారు. మన ఊరి మాటలో “పడకపోవడం”.

నేను డాక్టర్ని కాను. బడి పిల్లలకు, రాత్రి బడిలో పెద్దలకు చదువు చెప్పే వలంటీరు టీచర్ని. అయినా ఈ సంగతి మనమందరం తెలుసుకోవాలి. ఎందుకంటే ప్రమాదం వచ్చేది ఇంట్లో, అంగన్‌వాడీలో, బడిలో, పెళ్ళి పందిట్లో. అక్కడ ముందుగా ఉండేది డాక్టరు కాదు. మనమే.

పడకపోవడం అంటే ఏమిటి?

మన ఒంట్లో కాపలా ఉంటుంది. రోగాలు తెచ్చే క్రిములు లోపలికి వస్తే అది పోరాడుతుంది. ఇంటి ముందు కావలి కుక్క లాంటిది అన్నమాట. దొంగ వస్తే మొరుగుతుంది, మీద పడుతుంది. మంచిదే.

కానీ ఒక్కోసారి కుక్క పొరబడుతుంది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసి దొంగ అనుకుంటుంది. అలాగే కొందరి ఒళ్ళు పల్లీని చూసి శత్రువు అనుకుంటుంది. పల్లీలో ఉన్న మాంసకృత్తులే దానికి శత్రువులా కనిపిస్తాయి. వాటి మీద పోరాటానికి దిగుతుంది. ఆ పోరాటంలో దెబ్బతినేది మన పిల్లే.

ఒక సంగతి గుర్తుంచుకోండి. కొందరికి మొదటిసారి ఏమీ కాదు. అప్పుడు ఒళ్ళు ఆ గింజను గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతి సారి తిన్నప్పుడు తిరగబడుతుంది. అందుకే “మొన్న తిన్నాడు, ఏమీ కాలేదు. ఇవాళ ఎందుకు అవుతుంది?” అని కొట్టిపారేయకూడదు.

ఇది వేడి చెయ్యడం కాదు. దిష్టి కాదు. తల్లి చేసిన తప్పు అంతకన్నా కాదు.

ఎలా గుర్తుపట్టాలి?

తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు గుర్తులు కనిపిస్తాయి.

కొన్ని గుర్తులు చిన్నవి. నోటి చుట్టూ ఎర్రబడుతుంది. ఒంటి మీద దురద, దద్దుర్లు వస్తాయి. పెదవులో, కళ్ళో వాస్తాయి. నోట్లో దురద పెడుతుంది. పిల్ల ఒకసారి వాంతి చేసుకోవచ్చు.

కొన్ని గుర్తులు పెద్దవి. ఇవి ప్రమాదం. ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. పిల్లికూతలు వినిపిస్తాయి. ఆగకుండా దగ్గు వస్తుంది. గొంతు బొంగురు పోతుంది. నాలుక వాస్తుంది. మాట సరిగా రాదు. పిల్ల పాలిపోతుంది. ఒళ్ళు మెత్తబడి వేలాడిపోతుంది. కళ్ళు తేలేస్తుంది. తెలివి తప్పుతుంది. మళ్ళీ మళ్ళీ వాంతులు అవుతాయి.

చిన్న గుర్తులు ముందు వచ్చి, తర్వాత పెద్దవి రావచ్చు. దద్దుర్లు అసలు లేకుండానే పెద్దవి రావచ్చు. కాబట్టి దద్దుర్లు లేవు కదా అని ధీమాగా ఉండొద్దు. పిల్లను ఒంటరిగా వదలొద్దు.

ప్రమాదం వస్తే ఏం చెయ్యాలి?

మా వీధిలో ఒక పాపకు మూడేళ్ళు. ఒకరోజు జీడిపప్పు పాకం తిన్నది. కాసేపటికి మూతి వాచింది. “దిష్టి తగిలింది, ఉప్పు తిప్పండి” అన్నారొకరు. “మజ్జిగ తాగించండి, వేడి తగ్గుతుంది” అన్నారొకరు. ఇంతలో పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి. వాళ్ళ మేనత్త మాత్రం ఎవరి మాటా వినలేదు. ఆటో పిలిచి పాపను ఆసుపత్రికి చేర్చింది. అక్కడ తొడకు ఒక సూది వేశారు. కొన్ని నిమిషాల్లో పాపకు ఊపిరి సర్దుకుంది.

ఆ సూది మందు పేరు అడ్రినలిన్. ఈ పేరు కూడబలుక్కుని చదవండి. అ-డ్రి-న-లి-న్. నోటికి వచ్చేదాకా చదవండి.

భయం వేసినప్పుడు మన గుండె దడదడ కొట్టుకుంటుంది కదా! అప్పుడు మన ఒంట్లోనే ఈ అడ్రినలిన్ పుడుతుంది. అదే మందును సూదిగా ఇస్తారు. అది వాపు తగ్గిస్తుంది. ఊపిరి గొట్టాలను తెరుస్తుంది. పడిపోతున్న రక్తపోటును నిలబెడుతుంది. పెద్ద గుర్తులు వచ్చినప్పుడు ముందుగా ఇవ్వాల్సిన మందు ఇదే. తొడకు బయటి వైపున, కండలోకి వేస్తారు. పిల్ల బరువును బట్టి మోతాదు డాక్టరు గానీ నర్సు గానీ చూసుకుంటారు. తగ్గకపోతే అయిదు నిమిషాలకు మళ్ళీ వేస్తారు. ఇది ఖరీదైన మందు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాల్సిన మందు.

పెద్ద గుర్తులు కనిపిస్తే ఇలా చెయ్యండి.

1. వెంటనే 108 కు ఫోన్ చెయ్యండి. “గింజ తిన్నది, పడలేదు, ఊపిరి ఆడటం లేదు” అని చెప్పండి. బండి ఆలస్యం అయ్యేలా ఉంటే దొరికిన బండిలో దగ్గరి ఆసుపత్రికి బయలుదేరండి.

2. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టండి. కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టండి. ఊపిరి కష్టంగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టండి. వాంతి అవుతున్నా, తెలివి తప్పినా పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

3. లేపి నిలబెట్టవద్దు. నడిపించవద్దు. చంటిబిడ్డను భుజాన నిలువుగా వేసుకుని పరుగెత్తవద్దు. చేతుల మీద పడుకోబెట్టి తీసుకెళ్ళండి. నిలబెడితే గుండెకు రక్తం చాలక ఒక్కసారిగా ప్రమాదం ముదురుతుంది.

4. నోట్లో మిగిలిన తిండి తీసెయ్యండి. వేలు పెట్టి వాంతి చేయించవద్దు. పసరు, మజ్జిగ, నూనె ఏదీ పొయ్యవద్దు.

5. ఆసుపత్రిలో “అలర్జీ అనుకుంటున్నాం, అడ్రినలిన్ కావాలేమో చూడండి” అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

6. తగ్గింది కదా అని వెంటనే ఇంటికి రావద్దు. కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్ళీ వస్తుంది. డాక్టరు పొమ్మనేదాకా అక్కడే ఉండండి.

చాలామంది ఇంట్లో సెట్రిజిన్ లాంటి దురద మందు ఉంటుంది. అది దద్దుర్లకు పనికొస్తుంది. ఊపిరి ఆగిపోవడాన్ని అది ఆపలేదు. ఆ మందు పోసి, తగ్గుతుందేమో అని కాచుకుని కూర్చోవద్దు.

ఏ గింజో ఎలా తెలుస్తుంది?

ఇక్కడే మన చదువు పనికొస్తుంది. కాగితం, పెన్సిలు తీసుకోండి. అయిదు సంగతులు రాయండి.

ఏం తిన్నది? ఎంత తిన్నది? ఎన్ని గంటలకు తిన్నది? ఎంతసేపటికి గుర్తులు వచ్చాయి? ఏమేం గుర్తులు వచ్చాయి?

ఈ కాగితం డాక్టరుకు చూపించండి. సగం రోగం ఈ కాగితమే చెబుతుంది. మిగతాది పరీక్షల్లో తేలుతుంది. చర్మం మీద మందు చుక్క వేసి చిన్నగా గుచ్చి చూస్తారు. లేదా రక్తం పరీక్ష చేస్తారు.

అయితే పరీక్షలో “ఉంది” అని వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు. ఇంతకు ముందు తిని, ఏమీ కాని తిండికి కూడా పరీక్షలో “ఉంది” అని రావచ్చు. అందుకే డెబ్బై రకాలకు, వంద రకాలకు ఒకేసారి పరీక్ష చేస్తామంటే డబ్బు పొయ్యకండి. ఆ కాగితం చూసి పిల్లకు పప్పు, పాలు, గుడ్డు అన్నీ మాన్పించకండి. పిల్ల చిక్కిపోతుంది. దేనికి అనుమానం ఉందో దానికే పరీక్ష చాలు.

మరో సంగతి. పల్లీ పడని పిల్లకు జీడిపప్పు పడవచ్చు. నువ్వులు పడని పిల్లకు పల్లీ పడవచ్చు. పల్లీ నిజానికి కంది, పెసర, మినుముల జాతిది. అయినా పల్లీ పడని పిల్లల్లో చాలామందికి కందిపప్పు బాగానే పడుతుంది. జీడిపప్పు పడనివాళ్ళకు మాత్రం పిస్తా కూడా సాధారణంగా పడదు. ఏది మానాలో, ఏది తినొచ్చో డాక్టరును అడిగి రాసుకోండి.

ఏ వంటలో ఏముంది?

గింజ కంటికి కనిపిస్తే పక్కకు తీసేస్తాం. కనిపించకపోతే? అక్కడే చిక్కు. మన వంటల్లో గింజలు దాక్కుని ఉంటాయి. చూడండి.

పల్లీలు: ఇడ్లీ చట్నీ, ఊరిబిండి, పులిహోర, గుత్తి వంకాయ కూర, చిక్కీ. హోటల్లో కొబ్బరి చట్నీలో కూడా పల్లీలు కలుపుతారు.

నువ్వులు: చిమ్మిలి, అరిసెలు, సకినాలు, నువ్వుల పొడి, బతుకమ్మకు చేసే నువ్వుల సద్ది.

జీడిపప్పు: పాయసం, లడ్డు, పొంగలి, ఉప్మా. హోటల్లో చిక్కటి కూరల్లో జీడిపప్పు నూరి పోస్తారు.

ఆవాలు: పోపు, ఆవపెట్టిన కూర, ఆవకాయ. ఆవకాయలో ఆవపిండితో పాటు నువ్వుల నూనె కూడా ఉంటుంది.

వేయిస్తే, ఉడకబెడితే పల్లీ అలర్జీ పోతుందని అనుకోవద్దు. పోదు. చట్నీలోంచి పైపైన తీసి పెట్టినా ప్రమాదమే. చట్నీ గరిట సాంబారులో పెట్టినా ప్రమాదమే.

మరి నూనె సంగతి? గానుగ నూనెలో గింజ మాంసకృత్తులు కొన్ని మిగిలి ఉంటాయి. నువ్వుల నూనె కూడా అంతే. అలర్జీ ఉన్న పిల్లకు ఆ గింజ గానుగ నూనె వాడొద్దు. బాగా శుద్ధి చేసిన రిఫైండు నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు. అయినా డాక్టరును అడిగాకే వాడండి.

ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. ముందు పిల్లకు వండి, తీసి మూత పెట్టండి. తర్వాత మిగతావాళ్ళకు పల్లీలు, నువ్వులు వేయించండి. మిక్సీ గిన్నె, రోలు, గరిటె సబ్బుతో బాగా కడగండి. పల్లీలు తిన్న చేతులు కూడా సబ్బుతోనే కడుక్కోవాలి. ఉత్త నీళ్ళతో కడిగితే పూర్తిగా పోదు.

పొట్లం మీద చదవండి

బిస్కెట్లు, చాక్లెట్లు, చిరుతిళ్ళు పొట్లాల్లో వస్తాయి. పొట్లంలో ఏమేం కలిపారో దాని మీద రాయాలి. ఇది చట్టం. పల్లీలు, జీడిపప్పు, బాదం లాంటివి ఉంటే, ఉన్నాయని విడిగా రాయాలని 2020 నాటి నియమాలు చెబుతున్నాయి. అలా విడిగా రాయాల్సిన జాబితాలో నువ్వులు, ఆవాలు లేవు. కాబట్టి వాటి కోసం కలిపిన సరుకుల జాబితా మొత్తం చదవాలి.

“నాకు తెలుగే వచ్చు. పొట్లం మీద ఇంగ్లీషు ఉంటుంది కదా!” అంటారు మీరు. నిజమే. దానికీ ఉపాయం ఉంది. బడికి పోయే పిల్లల చేత ఒక అట్టముక్క మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఈ మాటలు రాయించండి. పీనట్ అన్నా, గ్రౌండ్‌నట్ అన్నా పల్లీ. క్యాష్యూ అంటే జీడిపప్పు. ఆల్మండ్ అంటే బాదం. సెసమి అంటే నువ్వులు. మస్టర్డ్ అంటే ఆవాలు. మాట పక్కన తెలుగులో మీరే రాయండి. కొట్టుకు వెళ్ళినప్పుడు అట్టముక్క తీసి, పొట్లం మీది అక్షరాలతో పోల్చి చూడండి. నాలుగుసార్లు చూస్తే అట్టముక్క అక్కరలేదు. కళ్ళే గుర్తుపడతాయి.

పోయినసారి కొన్న పొట్లమే కదా అనుకోవద్దు. కలిపే సరుకులు మారుతూ ఉంటాయి. ప్రతిసారీ చదవండి. ఇక మిఠాయి కొట్లో విడిగా అమ్మే వాటి మీద రాత ఉండదు. ఏం కలిపారో తెలియనిది పిల్లకు పెట్టవద్దు.

అంగన్‌వాడీకి, బడికి చీటీ

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి బడి భోజనంతో పాటు పల్లీ చిక్కీ ఇవ్వడం మొదలైంది. రక్తం తక్కువ ఉన్న పిల్లలకు అది మేలు. కానీ పల్లీ పడని పిల్లకు అదే చిక్కీ విషం. టీచరుకు తెలియకపోతే ఆమె తప్పేముంది? చెప్పడం మన పని. నోటితో చెబితే మరిచిపోతారు. రాసి ఇవ్వండి. ఇలా రాయండి.

టీచరు గారికి,
నమస్కారం.
మా పాపకు పల్లీలు పడవు. చిక్కీ, పల్లీ చట్నీ, పులిహోర పెట్టవద్దు. పక్కపిల్లలు పెట్టినా తిననివ్వవద్దు. పొరపాటున తిని మూతి వాచినా, దగ్గినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే పడుకోబెట్టి (ఊపిరి కష్టంగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టి) 108 కు ఫోన్ చెయ్యండి. తర్వాత నాకు ఫోన్ చెయ్యండి.
పాప పేరు: ..............
ఫోన్ నంబరు: ..............
సంతకం: ..............

ఇలాంటి చీటీలు నాలుగు రాయండి. ఒకటి అంగన్‌వాడీకి. ఒకటి వంట చేసే అక్కకు. ఒకటి మీ అత్తగారింట్లో గోడకు. ఒకటి పిల్ల సంచిలో. పెళ్ళిళ్ళకు, జాతరలకు పోయినప్పుడు సంచిలో చీటీ ఉండాలి.

టీచర్లకు నాదొక మాట. పల్లీ పడని పిల్లను మూల కూర్చోబెట్టకండి. అందరితో పాటే కూర్చోబెట్టండి. చిక్కీ ఇచ్చే రోజున ఆ పిల్లకు అరటిపండో, బెల్లం కలిపిన మరమరాల ఉండో ఇవ్వండి. తోటిపిల్లలు ఏడిపించకుండా చూడండి. “ఒక్క ముక్క తిను, ఏమవుతుందో చూద్దాం” అని ఆటపట్టించడం చాలా ప్రమాదమని అందరికీ చెప్పండి.

అయితే పిల్లలందరికీ మానేద్దామా?

వద్దు! ఇది చాలా ముఖ్యం.

పూర్వం డాక్టర్లు కూడా అలాగే అనుకున్నారు. 2000 సంవత్సరంలో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఒక సలహా ఇచ్చింది. అలర్జీ వచ్చే అవకాశం ఉన్న పిల్లలకు మూడేళ్ళ దాకా పల్లీలు పెట్టొద్దంది. దాని వల్ల మేలు జరుగుతుందని రుజువు దొరకలేదు. 2008 లో ఆ సలహా మానుకున్నారు.

అదే 2008 లో ఇంకో సంగతి బయటపడింది. బ్రిటన్‌లో ఉండే యూదుల పిల్లలను, ఇజ్రాయెల్‌లో ఉండే యూదుల పిల్లలను పోల్చి చూశారు. బ్రిటన్ పిల్లల్లో పల్లీ అలర్జీ దాదాపు పదింతలు ఎక్కువ. తేడా ఎక్కడుంది? ఇజ్రాయెల్‌లో ఏడాది లోపు బిడ్డలకే పల్లీతో చేసిన మెత్తని చిరుతిండి పెడతారు. బ్రిటన్‌లో అప్పట్లో పెట్టేవారు కాదు.

ఆ తర్వాత బ్రిటన్‌లో 640 మంది పసిబిడ్డలను తీసుకున్నారు. నాలుగు నుంచి పదకొండు నెలల వయసు వాళ్ళు. అందరికీ ఎడతెగని చర్మపు దురదో, గుడ్డు అలర్జీయో ఉంది. సగం మందికి పల్లీ తిండి పెట్టారు. సగం మందికి పెట్టలేదు. అయిదేళ్ళు వచ్చేదాకా చూశారు. ఫలితం 2015 లో చెప్పారు. పెట్టని వాళ్ళలో నూటికి 17 మందికి పల్లీ అలర్జీ వచ్చింది. పెట్టిన వాళ్ళలో నూటికి ముగ్గురికే వచ్చింది.

అంటే ఏమిటి? చుట్టాన్ని చిన్నప్పటి నుంచీ చూస్తే కావలి కుక్క మొరగదు. మన దేశంలో ఈ అలర్జీలు తక్కువే. బెంగళూరు, మైసూరు బడిపిల్లల్లో చూస్తే, ఏదో ఒక తిండి పడనివాళ్ళు వెయ్యికి ఒకరిద్దరే తేలారు. కాబట్టి భయపడి అందరూ మానేయొద్దు. బలమైన తిండిని పిల్లల నోటి దగ్గర లాగెయ్యొద్దు.

ఆరు నెలలు నిండి, పై తిండి మొదలుపెట్టాక పల్లీలూ పెట్టొచ్చు. గింజగా కాదు. వేయించి, పొట్టు తీసి, మెత్తని పొడి కొట్టండి. జావలో పావు చెంచా కలిపి పొద్దున పూట పెట్టండి. రెండు గంటలు కనిపెట్టి చూడండి. ఏమీ కాకపోతే మెల్లగా పెంచండి. వారానికి రెండు మూడుసార్లు పెడుతూ ఉండండి. బిడ్డకు ఒళ్ళంతా దురద పొక్కులున్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టరును అడగండి. చర్మం పగిలి ఉన్న బిడ్డకు పల్లీ, నువ్వు, ఆవ నూనెలు రుద్దవద్దు.

మా రాత్రి బడిలో అడిగిన ప్రశ్నలు

“పడని పిల్లకు రోజూ కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుంది కదా?”

ఇంట్లో ఆ పని అసలు చెయ్యొద్దు. అలాంటి వైద్యం ఉంది. అది పెద్ద ఆసుపత్రిలో, మందులు దగ్గర పెట్టుకుని, అలర్జీ డాక్టరు మాత్రమే చేస్తారు.

“పెద్దయ్యాక తగ్గుతుందా?”

కొందరికి తగ్గుతుంది. పల్లీ అలర్జీ ఉన్న అయిదుగురు పిల్లల్లో ఒకరికి తగ్గిపోతుంది. తగ్గిందో లేదో ఆసుపత్రిలోనే తేల్చుకోవాలి.

“పల్లీ గొంతుకు అడ్డం పడటం కూడా అలర్జీయేనా?”

కాదు. అది వేరు. అయిదేళ్ళ లోపు పిల్లలకు గింజ గింజగా ఏదీ పెట్టొద్దు. ఊపిరి గొట్టంలోకి పోతే ప్రాణం తీస్తుంది. పొడి చేసి, నూరి పెట్టండి.

గుర్తుంచుకుందాం

పడని పిల్లకు ఆ గింజ రవ్వంతైనా వద్దు.
పడే పిల్లకు భయపడి మాన్పించవద్దు.
ఊపిరి ఆడకపోతే కాళ్ళు చాపి కూర్చోబెట్టాలి, 108 పిలవాలి, అడ్రినలిన్ సూది వేయించాలి.
చెప్పినదాని కన్నా రాసి ఇచ్చినది నిలుస్తుంది.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. మీ ఇంట్లో నిన్న వండిన వంటల్లో ఏ గింజలు ఉన్నాయి? రాయండి.
2. పెద్ద గుర్తులు ఏవి? నాలుగు చెప్పండి.
3. ఊపిరి ఆడని పిల్లను ఎందుకు నిలబెట్టకూడదు?
4. మీ అంగన్‌వాడీలో ఏ పిల్లకైనా పడని తిండి ఉందేమో కనుక్కోండి. ఆ తల్లికి రాయడం రాకపోతే చీటీ మీరు రాసి పెట్టండి.